అమ్మ బొమ్మలో అరువు మూతి

కడుపులో చల్ల కదలకుండా పెరిగిన పిల్లలు బొమ్మల కాలేజీలో చేరితే వాళ్ళకు ఒక చిక్కు వచ్చిపడుతుంది. అక్కడ అందరూ లోపల ఉన్నదాన్ని బయటపెట్టమంటారు. లోపల పెద్దగా ఏమీ లేనివాళ్ళు ఏం పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ కథలో పిల్లకు అదే చిక్కు. కాలేజీలో ఆమెను అందరూ బొగ్గు అనేవారు. గీసే బొగ్గు అంటిన వేళ్ళతోనే జారిపోయే కళ్ళజోడును పైకి తోసుకోవడం వల్ల ముక్కు మీద ఎప్పుడూ నల్లటి మరక ఉండేది. ఎవరైనా చెబితే తుడుచుకునేది, తుడిచిన చోట ఇంకొంచెం అయ్యేది. పేరు అలా స్థిరపడిపోయింది.

చెయ్యి మాత్రం మంచిది. గాజు సీసా వేస్తే అందులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చెప్పవచ్చు. అయినా మాస్టారు ఆమె బొమ్మల ముందు ఎప్పుడూ ఎక్కువసేపు నిలబడేవారు కాదు. ఒకరోజు అడిగేసింది.

"నా బొమ్మల్లో ఏం లోపం, సార్?"

"లోపమేం లేదమ్మా. ఇల్లు బాగా కట్టావు, రంగులేశావు, కిటికీలు పెట్టావు. లోపల ఎవరూ కాపురం ఉండట్లేదు. అంతే."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. పక్కన బొమ్మ వేసుకునే కుర్రాడి నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు; వాడు ఖాళీ చెప్పుల జత వేస్తే క్లాసంతా పని ఆపి చూసింది. ఇంకో అమ్మాయి చనిపోయిన తన అక్క మంచం వేసింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. బొగ్గు వాళ్ళ వంక చూసి ఈర్ష్య పడింది. ఇంకొకరి ఆస్తి చూసి కుళ్ళుకునేవాళ్ళను చూశాను గానీ, ఇంకొకరి ఏడుపు చూసి కుళ్ళుకున్న మనిషిని ఈమెనే చూశాను.

ఇంట్లో చూస్తే బాధ మచ్చుకైనా లేదు. నాన్న లిఫ్టు మెకానిక్. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన మనుషులు లోపల్నుంచి ఏమేం అరిచారో సాయంత్రం ఇంటికొచ్చి వేషం వేసి మరీ చూపిస్తాడు. అమ్మ కళ్ళజోళ్ళ షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. అమ్మ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నష్టపోయింది ఆవిడే.

కళ్ళజోడు అమర్చడంలో అమ్మకో పద్ధతి ఉంది. ఫ్రేము ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సరిచేసి, చేతి అద్దం ఎదురుగా పట్టుకుని "నవ్వండి" అంటుంది. నవ్వితే బుగ్గలు పైకి లేస్తాయి, బుగ్గలతో పాటు ఫ్రేమూ లేస్తుంది. బిగదీసుకున్న ముఖం మీద చక్కగా కూచున్న జోడు, మొదటి నవ్వుకే ఎగిరి కనుబొమ్మల మీదికి ఎక్కుతుంది. అందుకని నవ్వించకుండా అమ్మ ఎవరినీ పంపదు. ఊరికే నవ్వమంటే జనం పళ్ళు మాత్రమే చూపిస్తారు, దానివల్ల బుగ్గలు కదలవు. అసలు నవ్వు రావాలంటే కబురు చెప్పాలి. అమ్మ దగ్గర కబుర్లకు కరువు లేదు. వేరే వీధుల వాళ్ళు కూడా "నవ్వమనే ఆవిడ ఉన్నారా?" అని అడుగుతూ వచ్చేవారు. ఆవిడకు ఆ పేరంటే లోలోపల గర్వం.

అలాంటి ఆవిణ్ణి ఏడాది చివరి ప్రదర్శనకు బొమ్మగా వేద్దామని బొగ్గుకు బుద్ధి పుట్టింది. అమ్మ బొమ్మంటే ఎవరికైనా మనసు కరుగుతుందన్నది ఆమె లెక్క. సెలవు రోజు పొద్దున ముందుగది కిటికీ పక్కన కుర్చీ వేసి అమ్మను కూచోబెట్టింది.

"అమ్మా, నవ్వకు."

"నేనెక్కడ నవ్వానే?"

"ఇప్పుడు నవ్వుతున్నావు."

"ఇది నవ్వు కాదే, ముఖం. ఏం చెయ్యమంటావు, విప్పి పక్కన పెట్టనా?"

"ఏదైనా బాధపడే విషయం గుర్తు తెచ్చుకో."

అమ్మ నిజంగానే కళ్ళు మూసుకుని ప్రయత్నించింది. కాసేపటికి పెదవులు వణికాయి. బొగ్గు ఆత్రంగా కుంచె ఎత్తింది. అమ్మ ఫక్కున నవ్వేసింది. "నిన్న ఒక పెద్దాయన వచ్చాడే. కొత్త జోడు పెట్టుకుని పక్కనున్న భార్యను చూసి, నువ్వెప్పుడింత ముసలిదానివయ్యావే అన్నాడు. ఆవిడేమందో తెలుసా? ఇన్నాళ్ళూ మీకు కళ్ళు కనపడలేదు కాబట్టి కాపురం సాగింది, ఆ జోడు ఇచ్చేయండి అంది!"

ఇంకో రోజైతే బొగ్గు కూడా పడిపడి నవ్వేది. ఆ రోజు ఒళ్ళు మండింది. ఒక్క పూటైనా నోరు మూసుకుని కూచోలేదా? ఇంత వయసొచ్చినా ఈ మనిషికి ఒక్క దిగులైనా లేదేం? తనకు పనికొచ్చే బాధ ఒక్కటీ దాచిపెట్టలేదేం? ఇవన్నీ ఆమె మనసులో నిజంగా వచ్చిన మాటలే. సెలవు వచ్చినప్పుడల్లా అమ్మ వచ్చి కూచునేది, చెప్పిన వైపు తిరిగేది, మెడ పట్టేసినా చెప్పేది కాదు. కబుర్లు మాత్రం ఆపేది కాదు. బొమ్మలో నుదురు, జుట్టు, భుజాలు, ఒళ్ళో చేతులు అన్నీ వచ్చాయి. మూతి దగ్గర మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

ఎదుటివాళ్ళ ముఖం నిలవనప్పుడు బొమ్మలు నేర్చుకునేవాళ్ళు ఒక పని చేస్తారు. పక్కన అద్దం పెట్టుకుని, తమ ముఖంలో ఆ కండరం ఎలా ముడుచుకుంటుందో చూసి వేస్తారు. అది దొంగతనమేం కాదు, మాస్టార్లే నేర్పుతారు. బొగ్గు దగ్గర అంచు విరిగిన చేతి అద్దం ఒకటి ఉండేది. షాపులో పారేస్తుంటే అమ్మే తెచ్చి ఇచ్చింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళాక దాన్ని కిటికీకి ఆనించి, దిగులు ముఖం ఎలా పెట్టాలా అనుకుంటూ తొంగిచూసింది.

పెట్టాల్సిన పని లేకపోయింది. ముఖం అప్పటికే సిద్ధంగా ఉంది. బిగిసిన పెదవులు, ఎడమ పక్కన కిందికి లాగిన పెదవి మూల, కనుబొమ్మల మధ్య చిన్న ముడి. ఉన్నది ఉన్నట్టు వేసేసింది. తల్లీకూతుళ్ళవి ఒకే పోలిక మూతులు కావడంతో అతుకు కూడా కనపడలేదు.

మాస్టారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఎన్నాళ్ళుగా ఓర్చుకుంటోందమ్మా ఈవిడ! ఇన్ని రోజులూ ఎక్కడ దాచావు?"

క్లాసు మొత్తం చుట్టూ చేరింది. చెప్పుల బొమ్మ కుర్రాడు మెల్లగా అడిగాడు. "మీ అమ్మగారు చాలా పడ్డారు కదా?"

బొగ్గు అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. తల వంచుకుని కొంచెం ఊపింది. నన్నడిగితే అద్దంలో చూసి మూతి అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. ఆ తల ఊపడం తప్పు. ఆ సంగతి ఆమెకు కూడా అప్పుడే తెలుసు. కానీ అందరూ ఒక్కసారిగా ఆకాశానికెత్తేస్తుంటే, కిందికి దించండి అని అడగడానికి చాలా ధైర్యం కావాలి.

ప్రదర్శనకు ఆ బొమ్మతోనే పోస్టరు వేశారు. ఊళ్ళో చాలాచోట్ల అంటించారు. కళ్ళజోళ్ళ షాపు ఎదురుగా ఉన్న బస్టాపులో కూడా ఒకటి అంటించారు. కింద పెద్ద అక్షరాలతో 'అమ్మ' అని ఉంది.

ప్రదర్శన మొదటి రోజు అమ్మ, నాన్న, పైవాటాలో ఉండే పిన్ని కలిసి వచ్చారు. అమ్మ కొత్త బట్టలు కట్టుకుంది. పోస్టరు దూరం నుంచి చూసింది గానీ దగ్గరికి వెళ్ళలేదు, అసలు బొమ్మ చూసేదాకా ఆగుదామనుకుంది. గోడ ముందు నిలబడింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఇది నేనా?" అంది, చాలా చిన్న గొంతుతో.

నాన్న బొమ్మ చూశాడు, భార్యను చూశాడు, మళ్ళీ బొమ్మ చూశాడు. "ఏమోయ్, ఈ మధ్య నీకేమన్నా ఒంట్లో బాగోవట్లేదా?"

"బాగానే ఉన్నాను," అంది అమ్మ. తర్వాత కూతురి వైపు తిరిగి, "బాగుందే. చాలా కష్టపడ్డావు," అంది.

ఎవరో పెద్దావిడ వచ్చి అమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "మీరేనా అండీ? ఏం చెప్పకండి. అన్నీ ఆ ముఖంలోనే ఉన్నాయి," అంది. అమ్మ కూతురి వంక చూసింది. కూతురు తేలు కుట్టిన దొంగలా గోడ వంక చూసింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అమ్మ ఆమె పక్కనే కూచుంది.

"నేను ఇంట్లో అలాగే ఉంటానా?"

"అది బొమ్మమ్మా. బొమ్మంటే అలాగే ఉంటుంది."

"కాదులే. నిజం చెప్పు. మన ముఖం మనకు తెలియదు కదా. రోజంతా అద్దం నా చేతిలోనే ఉంటుంది గానీ, అది వాళ్ళ వైపు తిరిగి ఉంటుంది."

"ఊరికే ఆలోచించకు."

"బొమ్మలేసేవాళ్ళకు మనకు కనపడనివి కనపడతాయట. మీ మాస్టారు చెప్పారు." అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. "నేను సంతోషంగానే ఉన్నాననుకుంటున్నాను ఇన్నాళ్ళూ."

అక్కడే చెప్పేయాల్సింది. 'ఆ మూతి నాదమ్మా' అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. చెబితే, ఎందుకలా పెట్టావు మూతి అని అడుగుతుంది. దానికి జవాబు ఏం చెప్పాలి? మింగలేక కక్కలేక ఇల్లు చేరే దాకా బొగ్గు బస్సు టికెట్టును ముక్కలు చేస్తూ కూచుంది.

మర్నాటి నుంచి ఇంట్లో ఒక కొత్త బాధ మొదలైంది. బొగ్గు గదిలోకి అడుగు పెడితే చాలు, అమ్మ చేస్తున్న పని ఆపి నవ్వేది. కూరగాయలు తరుగుతూ ఉన్నా సరే, తల దువ్వుకుంటూ ఉన్నా సరే, గబుక్కున ఒక నవ్వు తెచ్చి పెట్టుకునేది. దండెం మీద బట్ట ఆరేసినట్టు ఉండేది ఆ నవ్వు. పళ్ళు కనపడేవి, బుగ్గలు లేచేవి కావు. అమ్మే చెప్పిన తేడా అది, కాబట్టి బొగ్గుకు ఇట్టే తెలిసిపోయేది. అమ్మ మామూలు ముఖం ఎలా ఉండేదో చూద్దామన్నా ఇప్పుడు దొరకలేదు. గుమ్మం బయట ఆగి దొంగచాటుగా చూడబోతే, అడుగుల చప్పుడు విని అమ్మ అప్పటికే నవ్వుతూ ఉండేది.

నాన్న పరిస్థితి ఇంకా అన్యాయం. "లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళినా అడుగుతున్నారే, మీ ఆవిడ బాగున్నారా అని. ఆ అడగడంలో ఏదో తేడాగా ఉంది. నేనేం చేశాను?" పైవాటా పిన్ని ఆయన లేని సమయం చూసి దిగి వచ్చేది. "మనసులో పెట్టుకోకక్కా, నాతో చెప్పుకో," అని అమ్మ పక్కన కూచునేది. "చెప్పుకోడానికి ఏం లేదే," అని అమ్మ అంటే, "అదే అక్కా, అదే, అందరం అలాగే అంటాం," అని కళ్ళొత్తుకునేది. వెనకటి అమ్మయితే ఆ మాటను వారం రోజులు అనుకరించి ఇల్లంతా నవ్వించి ఉండేది. ఇప్పుడు "నిజమేనేమో" అని ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం బొగ్గు షాపు మీదుగా వెళ్తూ లోపలికి తొంగిచూసింది. కౌంటరు దగ్గర ఇంకెవరో అమ్మాయి ఉంది. అద్దం బల్ల మీద బోర్లా పడి ఉంది. షాపు ఓనరు ఈమెను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"మీ అమ్మ వెనకగదిలో ఉందమ్మా. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే పనికి మార్చమని తనే అడిగింది. నేను వద్దన్నాను. వినలేదు."

"ఎందుకట అంకుల్?"

"ఏం చెప్పను? బస్టాపులో పోస్టరు చూసి జనం లోపలికొస్తున్నారు. మీ అమ్మ నవ్వండి అంటే నవ్వట్లేదు, జాలిగా చూస్తున్నారు. ఒకాయనైతే, ముందు మీరు నవ్వండమ్మా అన్నాడు. మర్నాడే అడిగింది. నా ముఖం కౌంటరుకి పనికిరాదండీ, ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు అంది." ఓనరు మర్యాదకు అన్నాడు, "నీ బొమ్మ మాత్రం చాలా బాగుందమ్మా."

గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. బొగ్గు లోపలికి వెళ్ళలేకపోయింది. నేరుగా కాలేజీకి నడిచి వెళ్ళి, బొమ్మ కింద ఉన్న 'అమ్మ' అన్న చీటీ పీకేసి, కొత్త చీటీ మీద 'నేను' అని రాసి అంటించింది. పదిమంది ముందు తప్పు ఒప్పుకున్నాను, ఇక ఏమంటారో అననీ అనుకుంది.

మాస్టారు చీటీ చూసి మురిసిపోయారు. "ఆహా! తల్లి బాధలో కూతురు తనను చూసుకుందన్నమాట! ఇప్పుడు చేరాడమ్మా ఇంట్లోకి మనిషి!"

"అలా కాదు సార్. నిజంగా అది నా మూతే. అద్దంలో చూసి వేశాను. అమ్మ అలా ఉండదు."

"ఎవరూ అలా ఉండరమ్మా. మనమే చూస్తాం," అన్నారాయన, ఆమె భుజం తట్టి. ఆ సాయంత్రం చీటీ ముందు మొదటిరోజు కంటే ఎక్కువమంది నిలబడ్డారు. ఆమె మాటలకు తలా ఒక అర్థం తీశారు, చిలవలు పలవలు అల్లారు. ఒప్పుకున్నా ఒప్పుకోనివ్వని చోటు అది. చెప్పాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారని, ఆ మనిషి ఇక్కడికి రాదని బొగ్గుకు అప్పుడు అర్థమైంది. అంచు విరిగిన అద్దం సంచిలో వేసుకుని మర్నాడు షాపుకు వెళ్ళింది.

వెనకగది ఇరుకుగా ఉంది. ఒక్క బల్ల దీపం. అరగదీసే చక్రం మీద నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. అమ్మ ముందుకు వంగి కళ్ళజోడులో బిగించే అద్దం అంచు చక్రానికి ఆనించి పట్టుకుని ఉంది. కూతుర్ని చూడగానే చక్రం ఆపింది, నవ్వు పెట్టుకుంది.

"నవ్వకమ్మా," అంది బొగ్గు.

అమ్మ నవ్వు అలాగే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియక.

"బొమ్మలో ఆ మూతి నీది కాదు. నాది. ఇదిగో, ఈ అద్దంలో చూసుకుని వేశాను. ఆ నుదుటి మీద ముడి కూడా నాదే. నువ్వెప్పుడూ అలా లేవు. ఒక్కసారి కూడా లేవు."

అమ్మ చేతులు తుడుచుకుంటూ మెల్లగా అంది. "నా కోసం అలా చెప్పకే. నేనేం అనుకోవట్లేదు."

"నిజమమ్మా!"

"సరే, నిజమే. నువ్వేం బెంగ పెట్టుకోకు. నాకిక్కడ బాగానే ఉంది. చల్లగా ఉంది, ఎవరితోనూ మాట్లాడే పని లేదు, ఈ చక్రం చప్పుడు కూడా వినగా వినగా ఏదో పాటలాగే ఉంది. నిన్న ఓనరు ఏమన్నాడో తెలుసా..."

చెబుతూ చెబుతూ అమ్మ మధ్యలో ఆగిపోయింది.

బొగ్గు కావాలని ఏమీ చేయలేదు. క్షమించమని అడగడానికి వచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. అయినా అమ్మ మళ్ళీ సర్దుకుపోతూ, మళ్ళీ అంతా బాగుందంటూ కబురు మొదలుపెట్టేసరికి ముఖం తనంతట తాను బిగుసుకుపోయింది. ఎడమ మూల కిందికి జారింది. నుదుటి మీద ముడి పడింది. అమ్మ దీపం కాస్త ఇటు తిప్పింది. ముఖాలు చూసే పనిలో ఇంతకాలం ఉన్న మనిషికి రెండోసారి చూడాల్సిన అవసరం రాలేదు.

"ఇదే," అంది.

బొగ్గు అద్దం వైపు చూసుకోలేదు. తెలిసిపోయింది.

"నేనక్కడ కూచున్నన్ని రోజులూ నన్ను చూస్తూ ఇలాగే ఉన్నావా?"

బొగ్గు కళ్ళజోడు కిందికి వేళ్ళు దూర్చి కళ్ళు తుడుచుకుంది.

"బొమ్మ అడ్డంగా ఉండటంతో నాకు కనపడలేదు. నువ్వు వింటున్నావనుకుని చెప్పాను ఆ కబుర్లన్నీ." అమ్మ గొంతులో కోపం లేదు, అదే తట్టుకోలేనట్టుగా ఉంది. "నేనేం చేశానే?"

"ఏం చేయలేదు."

"మరి?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "సంతోషంగా ఉన్నావు. అంతే. నాకు పనికొచ్చేది నీలో ఏమీ దొరకలేదు. అందుకు కోపం వచ్చింది."

చక్రం మీద నీళ్ళ బొట్టు ఒకటి పడింది. అమ్మ లేచి కుళాయి కట్టేసింది. తను మామూలుగానే ఉన్నానని తెలిసినందుకు ముఖంలో ఏదో తేలికపడింది, ఆ తేలిక పూర్తిగా రాకముందే ఇంకేదో వచ్చి కూచుంది. ఆ రెండో దాన్ని బొగ్గు ఇంతకు ముందు ఎన్నడూ అమ్మ ముఖంలో చూడలేదు. దానికి కారణం తనేనని, ఈసారి అరువు కాదని ఆమెకు తెలుసు.

"నీ మూతి నువ్వు పెట్టుకో," అంది అమ్మ చివరికి. "నా మీద కోపమొచ్చినా పెట్టుకో, నేనేమనను. నాకు మాత్రం పెట్టకు."

"పెట్టనమ్మా."

"కళ్ళు తుడుచుకుని జోడు వంకర చేసుకున్నావు చూడు. ఇటు రా."

దగ్గరికి లాక్కుని కూతురి కళ్ళజోడు తీసింది, ముక్కు మీది నల్లటి మరక బొటనవేలితో తుడిచింది, కాడలు సరిచేసి మళ్ళీ పెట్టింది. అలవాటు కొద్దీ విరిగిన అద్దం అందుకుని కూతురి ముఖానికి ఎదురుగా పట్టింది. "నవ్వు," అంది.

బొగ్గు ప్రయత్నించింది. పళ్ళు కనపడ్డాయి.

అమ్మ ఒక క్షణం చూసి అద్దం దించేసింది. "వద్దులే. రానప్పుడు నవ్వకు."

వెనక తలుపు మూసి ముందుకు, కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఎవరో వచ్చి ఉన్నట్టున్నారు. బోర్లా ఉన్న అద్దం ఎత్తిన చప్పుడైంది, తర్వాత అమ్మ గొంతు ఏదో కబురు మొదలుపెట్టింది. కాసేపటికి ఒకాయన బుగ్గలు లేచేంత గట్టిగా నవ్వాడు. బొగ్గు వెనకగదిలో బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడి చెవి రిక్కించింది. తలుపు మూసి ఉండటంతో అమ్మ ఏం చెప్పిందో ఆమెకు వినపడలేదు.